డెబ్బై మీటలు, ఒక సుత్తి

ఆ శుక్రవారానికి ఆర్డిస్ స్వొబోడా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదీ పదిహేనుకు తన బిల్లు సభ ముందుకు వస్తుంది. పదిన్నరకు పాసవుతుంది. పన్నెండింటికి శాసనసభ భవనం కింది అంతస్తు క్యాంటీన్‌లో తన ఊరి పిల్లలతో కూర్చుని చిల్లీ అనే మాంసం కూర, సినమన్ రోల్ అనే తీపిరొట్టె తింటుంది. అయిదింటికి ఈ ఏటి సమావేశాలు ముగుస్తాయి. ఆరింటికి తన పాత పికప్ బండి ఇంటిదారిలో ఉంటుంది.

ఇందులో అనుకున్నట్టు జరిగింది చివరిది ఒక్కటే.

బిల్లు కూడా పథకమంత చిన్నదే. ఒకే వాక్యం. ఆ రాష్ట్రంలో బడి చదువుకు చట్టం చెప్పిన లక్ష్యాలు నాలుగు: చదవడం రాయడం, లెక్కలు, సైన్సు, పౌర విజ్ఞానం. డెబ్బై రెండేళ్ల కింద ఎవరో రాసిన ఆ నాలుగింటికి అయిదోది చేర్చమంటుంది బిల్లు. 'ప్రతి విద్యార్థీ ఏదో ఒక వస్తువును మొదటినుంచి చివరిదాకా తన చేతులతో తయారు చేయగలగాలి.' పై సభ ఫిబ్రవరిలోనే చర్చ లేకుండా ఒప్పుకుంది. ఇక మిగిలింది డెబ్బై మంది ఉన్న కింది సభ. మిగిలింది ఆ ఒక్క రోజు.

ఆ వాక్యం వెనక ఒక మనిషి ఉన్నాడు. పేరు ఎమెట్ వాస్. బెల్‌నాప్ బడిలో ఇరవై ఆరేళ్లుగా వడ్రంగం నేర్పుతున్న మాస్టారు. ఆర్డిస్ అదే బడిలో ముప్ఫై ఏళ్లు వంటశాల నడిపింది. ఇద్దరి మధ్య ఒక గోడ. ఇటు ఉల్లిపాయల వాసన, అటు రంపపు పొట్టు వాసన. మట్టిరోడ్లు బాగుచేయిస్తానని చెప్పి నవంబర్లో ఆమె సభ్యురాలైంది. జనవరిలో ఎమెట్‌కు బడి బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. చట్టంలోని లక్ష్యాల్లో లేని పాఠానికి ఇక మాస్టారిని ఉంచలేమనీ, జూన్‌తో వర్క్‌షాపు మూసేస్తామనీ, ఈ సమావేశాల్లో చట్టం మారితే మాత్రం ఉత్తరం వెనక్కి తీసుకుంటామనీ. ఆ ఉత్తరం నకలు మూడు నెలలుగా ఆర్డిస్ చేతిసంచిలో ఉంది. మడతల దగ్గర చిరిగింది కూడా.

తొమ్మిదింటికి బెల్‌నాప్ బడి బస్సు వచ్చింది. ఎమెట్, వెనక పదిహేడు మంది పిల్లలు. వాళ్ల చేతిలో ఒక పెట్టె. పెట్టెలో ఒక సుత్తి. నిరుటి గాలివానకు బడి ఆవరణలో కూలిన వాల్‌నట్ చెట్టు మొద్దు నుంచి తీసిన చెక్క. లేత్ యంత్రం మీద తిప్పి చెక్కింది జోలీన్ క్రాట్జ్ అనే పదహారేళ్ల అమ్మాయి. సభ నడిపేటప్పుడు బల్ల మీద కొట్టడానికి, సభాపతికి కానుకగా తెచ్చారు.

స్పీకర్ గోర్డన్ హేవర్‌క్యాంప్ వృత్తిరీత్యా పశువుల డాక్టరు. ఏ వస్తువునైనా దూడ కాలు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. అతని పాత సుత్తి పిడి విరిగి, టేపు చుట్టించుకుని, కొడితే గుమ్మడికాయ మీద కొట్టినట్టు మోగేది. కొత్తదాన్ని అతను వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఎన్నాళ్లు ఆగుతుంది ఇది?" అని అడిగాడు.

"కొట్టినన్నాళ్లూ," అన్నాడు ఎమెట్.

"గట్టిగా కొట్టకండి సార్," అంది జోలీన్. "అవసరం లేదు. చిన్న దెబ్బకే పలుకుతుంది."

"ఇవాళే దీన్ని మొదలుపెడతాను," అన్నాడు స్పీకర్. "మీ ఆర్డిస్ బిల్లుతోనే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు అతని చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడు. ఆ రోజు జరిగిన నష్టం మొత్తం అతని మంచితనంతోనే మొదలైంది.

పదీ పద్దెనిమిదికి బిల్లు వచ్చింది. ఆర్డిస్ లేచి వాక్యం చదివి, రెండు ముక్కలు చెప్పి కూర్చోబోయింది. మెజారిటీ పక్షం నాయకుడు మెర్ల్ ఓబర్గ్ మైకు అందుకున్నాడు. పదకొండోసారి గెలిచిన మనిషి. ముఖంలో నవ్వు లేకుండా నవ్వించడం అతని విద్య.

"సభ్యురాలిని ఒక మాట అడగవచ్చా? చేతులతో అన్నారు. ఒక చేత్తో చేస్తే పాసా, ఫెయిలా?"

"పాసే," అంది ఆర్డిస్. "మా ఊళ్లో హార్లన్ గారికి ఒక చెయ్యే. ఊరి కుర్చీలన్నీ ఆయనే బాగుచేస్తాడు."

"మోకాళ్ల మాట మీ బిల్లులో ఎక్కడా లేదు. మోకాళ్లంటే మీకెందుకంత పగ?"

"పగేం లేదు మెర్ల్. ముప్ఫై ఏళ్లు వంటశాల నేల తుడిచాను. నా మోకాళ్లని అడిగితే అవే చెప్తాయి."

సభ గొల్లుమంది. వెనక వరసలో ఎవరో, తన మనవడు ఇసుకతో కోటలు కడతాడనీ, సాయంత్రానికి కూలిపోతాయనీ, దాన్ని వస్తువు కింద జమకట్టాలా ప్రభుత్వం కింద జమకట్టాలా అనీ అడిగాడు. ఇంకొకరు కేకు లెక్కలోకి వస్తుందా అన్నారు. ఆర్డిస్ ప్రతి ప్రశ్నకూ నిజంగానే జవాబు చెప్పింది. కేకు వస్తుందంది. గుడ్లు కూడా పగలగొట్టడం వస్తేనే అంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ సభలో ఒక ఆచారం. కొత్త సభ్యుల మొదటి బిల్లును పాత సభ్యులు ఆటపట్టిస్తారు. పిచ్చి ప్రశ్నలు వేస్తారు. ఓటింగు మొదలవగానే అందరూ కూడబలుక్కుని ఎర్ర మీట నొక్కుతారు. కొత్తవాళ్ల ముఖం పాలిపోయేదాకా ఆగి, నవ్వుకుని, పచ్చకు మార్చేస్తారు. తరవాత భుజం తడతారు. తొంభై ఏళ్లుగా జరుగుతున్న ఆట. కొత్తవాళ్లకు ముందు చెప్పకపోవడమే అందులో రసం. ఆర్డిస్ పక్క సీటులో కూర్చునే డ్వైట్ సార్లీ, రోజూ ఆమె తెచ్చే బిస్కెట్లు తినే మనిషి, అతను కూడా చెప్పలేదు.

పదీ ముప్ఫై ఒకటికి ఓటింగు తెరిచారు. గోడ మీది పెద్ద బోర్డులో డెబ్బై పేర్లు, పక్కన దీపాలు. ఆర్డిస్ పేరు పక్కన పచ్చ. తరవాత ఎరుపు. ఎరుపు. ఎరుపు. అరవై తొమ్మిది ఎర్ర దీపాలు.

ఆర్డిస్ డ్వైట్ వైపు చూసింది. డ్వైట్ కిటికీ వైపు చూశాడు. పై గ్యాలరీలో పదిహేడు మంది పిల్లలు ముందుకు వంగారు. ఒక చిన్నది అప్పుడే ఏడుపు ముఖం పెట్టింది. స్పీకర్ దృష్టి అటు పోయింది. పాపం అనిపించింది. భయపడకండి, ఇది ఉత్తుత్తిదే అని సైగ చేద్దామనుకున్నాడు. ఎలా చేయాలో తోచక, వాళ్లు ఇచ్చిన సుత్తినే ఎత్తి చూపించి, నవ్వి, పలకరింపుగా బల్ల మీది చెక్కబిళ్లకు ఒక్కసారి తాకించాడు.

జోలీన్ అబద్ధం చెప్పలేదు. తుపాకీ పేలినట్టు పలికింది.

స్పీకర్ బల్ల ముందు కూర్చునే సభా కార్యదర్శి ఫిలిస్ టార్నో ముప్ఫై ఒక్క ఏళ్లుగా తల ఎత్తి బోర్డు చూసిన మనిషి కాదు. కళ్లు కాగితాల మీద, చెవి సుత్తి మీద. సుత్తి మోగితే ఓటింగు ముగిసినట్టు. వేలు కదిలింది. బోర్డు బిగుసుకుంది. ప్రింటరు కాగితం కక్కింది. అనుకూలం ఒకటి, వ్యతిరేకం అరవై తొమ్మిది.

అరవై తొమ్మిది చేతులు పచ్చ మీటల మీద పడ్డాయి. మీటలు పలకలేదు.

"ఫిలిస్, తెరువు," అన్నాడు స్పీకర్, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

"తెరిచేది ఉండదు స్పీకర్ గారూ. సుత్తి పడింది."

"నేను పిల్లలకి చూపిస్తున్నానమ్మా."

"పిల్లలకి చూపించే దెబ్బ అని నిబంధనల్లో వేరే లేదండి."

పాత సుత్తి అయితే ఆ తాకిడికి ఫిలిస్‌కు వినిపించేదే కాదు. పని బాగా కుదరడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నిబంధనల పుస్తకం తెరిచారు. ఓడిన బిల్లును అదే రోజు మళ్లీ ఓటుకు పెట్టవచ్చు. కానీ మధ్యాహ్నం రెండు తరవాతే. అదీ గెలిచిన వైపు సభ్యుడు లేచి అడిగితేనే. ఓడిన వైపు వాళ్లు అడగకూడదు. ఓడిన వైపు ఉన్నది ఒక్క ఆర్డిస్.

"ఇదొక సమస్యా," అన్నాడు డ్వైట్, ఆమె భుజం తట్టి. "అరవై తొమ్మిది మందిమి ఉన్నాం. రెండింటికి నేనే లేచి అడుగుతాను. రెండు నిమిషాల పని."

ఆర్డిస్ గ్యాలరీకి ఎక్కి ఎమెట్‌కు సంగతి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు.

"అంటే అదంతా తమాషానా?"

"తమాషానేనట."

"అరవై తొమ్మిది మందికీ నవ్వొచ్చిందా?"

"వచ్చింది."

"సరే," అన్నాడు ఎమెట్. "పదిహేడు మందికి రాలేదు. వీళ్లకి ఏం చెప్పను?"

"రెండింటిదాకా ఏమీ చెప్పకు."

పదకొండు అయిదుకు ఒక వార్తల సైటు పెట్టింది: 'చేతిపని బిల్లుకు సభలో చావుదెబ్బ, 69-1.' రాసిన విలేకరి సభలో లేడు. ఫిలిస్ ప్రింటరు కాగితం చూసి రాశాడు. కాగితంలో తమాషా అని అచ్చవలేదు.

పదకొండు ఇరవైకి పన్నుదారుల కాపలా సంఘం ఒక ప్రకటన విడుదల చేసింది. బడుల మీద కొత్త భారం మోపే ప్రయత్నాన్ని ఒక్కమాట మీద నిలబడి తిప్పికొట్టిన అరవై తొమ్మిది మంది ధీరులకు అభినందనలు. కింద అరవై తొమ్మిది పేర్లు, అక్షరక్రమంలో. ఈ సంఘం ఎన్నికల ముందు ఇంటింటికీ కార్డులు పంచుతుంది. ఎవరు మంచివాళ్లో, ఎవరు చెడ్డవాళ్లో ఆ కార్డుల్లో ఉంటుంది. సంఘం మెచ్చుకున్నవాడు ఆ రాష్ట్రంలో ఇంతవరకు ఓడిపోలేదు.

పదకొండున్నర నుంచి ఫోన్లు మోగడం మొదలైంది.

పన్నెండింటికి ఆర్డిస్ క్యాంటీన్‌కు వెళ్లింది. బెల్‌నాప్ పిల్లలు ఒక మూల చిల్లీలో రోల్ ముంచుకుని తింటున్నారు. ఆమె పళ్లెం పట్టుకోలేదు. మళ్లీ ఓటు కోరే ఫారం పట్టుకుని డ్వైట్ బల్ల దగ్గరికి పోయింది.

"ఇదిగో, ఇక్కడ సంతకం."

డ్వైట్ చెంచా కింద పెట్టాడు. "ఆర్డిస్, కూర్చో ఒకసారి."

"కూర్చోను. సంతకం పెట్టు."

"మా జిల్లా పార్టీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. నాలుగేళ్లలో మొదటిసారి. నీలో ఇంత దమ్ముందని అనుకోలేదు డ్వైట్ అన్నాడు."

"నువ్వు తమాషాకి నొక్కావు కదా."

"తమాషాకే నొక్కాను. కాదన్నానా?"

"ఆ ముక్కే చెప్పు ఆయనకి."

"ఎలా చెప్పను? తమాషాకి ఓటేశానంటే, ఇంకెన్ని ఓట్లు తమాషాకి వేశావురా అంటాడు. ఆలోచించి వేశానంటే ఎవడూ ఏమీ అడగడు." డ్వైట్ గొంతు తగ్గించాడు. "పైగా, నిజం చెప్పాలంటే, తరవాత ఆలోచిస్తే నాకూ కొంచెం అనుమానాలున్నాయి."

"ఏం అనుమానాలు?"

"ఇంకా ఆలోచిస్తున్నాను."

ఆమె బల్ల బల్లకూ తిరిగింది. ఒకాయన భార్య ఫోన్లో ఏడ్చిందట, గర్వంతో. ఇంకొకాయన అప్పటికే రేడియోలో మాట్లాడేశాడు. బిల్లు చదివిన రోజే తనకు నిద్ర పట్టలేదని చెప్పాడు. ఇసుక కోటల మనవడి తాత తన ఓటు వెనక సిద్ధాంతం ఉందన్నాడు. కేకు సంగతి అడిగినామె, తను ఎప్పుడూ చేతిపనికి మద్దతే కానీ చట్టంలో పెట్టడానికి ఇది సమయం కాదంది.

"ఎప్పుడు సమయం?" అని అడిగింది ఆర్డిస్.

"ఇది కానప్పుడు," అందామె.

పదీ ముప్ఫై ఒకటికి అరవై తొమ్మిది మందికీ అభిప్రాయం లేదు. పన్నెండున్నరకు అందరికీ ఉంది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అన్నది నవ్వించుకున్నవాళ్లను ఉద్దేశించే అయివుండాలి. నవ్వినవాళ్లకు ఆ రోజు నాలుగు విధాలా లాభమే వచ్చింది.

పన్నెండూ నలభైకి మెర్ల్ ఓబర్గ్ ఆమెను స్తంభం పక్కకు పిలిచాడు.

"నీ బిల్లు బతికిస్తాను. నేనే లేచి అడుగుతాను."

ఆర్డిస్ ఫారం చాచింది.

"ఆగు. ఊరికే అడిగితే పరువుండదు. పొద్దున కాదని మధ్యాహ్నం అవునంటే ఏం మారిందంటారు. ఏదో మారాలి. మావాళ్లు పశువులవాళ్లు. లక్ష్యాల్లో ఒక చిన్న ముక్క చేర్చు. విద్యార్థికి గొడ్డుమాంసం విలువ తెలియాలి."

"విలువంటే?"

"అదేమిటన్నది తరవాత చూసుకుందాం. ముక్క ఉండాలి."

ఆర్డిస్ గోడ మీది గడియారం చూసింది. మూలన పిల్లల్ని చూసింది. సరేనంది. ఒక్క ముక్కే కదా అనుకుంది. వంటశాలలో ముప్ఫై ఏళ్లున్న మనిషికి, ఒకడికి రెండో రోల్ వేస్తే వరసంతా పళ్లేలు చాపుతుందని తెలిసివుండాల్సింది.

మెర్ల్ ముక్క సంపాదించాడని తెలియగానే వరస కట్టారు. జెండా సరిగా మడత పెట్టడం. నిటారుగా కూర్చోవడం. రాష్ట్రంలోని ఆనకట్టల పట్ల కృతజ్ఞత. పొదుపు. పెద్దవాళ్ల ఫోన్లకు ఓపికగా జవాబు చెప్పడం. గాలివాన సైరను మోగితే ఎక్కడ దాక్కోవాలి. తొలి వలసదారుల పట్టుదల. ఆ పట్టుదల వల్ల నష్టపోయినవాళ్ల పట్టుదల. ఎవరి ముక్క ఇస్తే వాళ్ల అనుమానాలు తీరుతున్నాయి. డ్వైట్ కూడా వచ్చాడు, కళ్లు కలపకుండా.

"తేనెటీగలు," అన్నాడు.

"ఏమిటి తేనెటీగలు?"

"వాటి గురించి ఏదో ఒకటి."

ఒంటిగంటన్నరకు లక్ష్యాలు ఇరవై ఆరు. ముసాయిదా గదిలో టైపు చేసే వకీలు తల కూడా ఎత్తడం లేదు. అప్పుడు పన్నుదారుల కాపలా సంఘం మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. శుభ్రమైన మనిషి, మెత్తటి గొంతు. తమ సంఘం చదువుకు ఎన్నడూ వ్యతిరేకం కాదన్నాడు. లక్ష్యాలు ఎన్నైనా పెట్టుకోండన్నాడు. పెట్టినదాన్ని కొలవాలి, అంతే. ఇరవై ఏడో సెక్షనుగా ఒక పేరా తనే రాసుకొచ్చాడు.

ఒంటిగంటా యాభై ఆరుకు ఆర్డిస్ చేతికి బిల్లు వచ్చింది. పొద్దున ఒక వాక్యం, ఇప్పుడు పద్నాలుగు పేజీలు. కారిడార్‌లో నడుస్తూ చదివింది. పదమూడో పేజీ దగ్గర నడక ఆగిపోయింది.

ప్రతి లక్ష్యాన్నీ ఏటా రాతపరీక్షతో కొలవవలెను. అందుకుగాను ప్రతి బడీ తనకున్న గదుల్లో అన్నిటికన్న పెద్ద గదిని శాశ్వత పరీక్షా మందిరంగా కేటాయించవలెను. బాస్కెట్‌బాల్ కోర్టును మాత్రం ముట్టుకొనరాదు.

కోర్టును మినహాయిస్తే బెల్‌నాప్ బడిలో అన్నిటికన్న పెద్ద గది ఎమెట్ వర్క్‌షాపు. ఏ బడిలోనైనా అంతే. లేత్‌లూ రంపాలూ పెట్టాలంటే జాగా కావాలి. ఆర్డిస్ వేళ్ల మీద లెక్క వేసింది. బిల్లు చచ్చిపోతే జూన్‌లో బెల్‌నాప్ వర్క్‌షాపు ఒకటి పోతుంది. బిల్లు బతికితే దానితోపాటు రాష్ట్రంలో ఇంకా నడుస్తున్న మరో నలభై మూడు పోతాయి.

మెర్ల్ సభ గుమ్మం దగ్గర దొరికాడు.

"ఇరవై ఏడు తీసెయ్ మెర్ల్."

"తీస్తే సంఘం ఒప్పుకోదు. సంఘం ఒప్పుకోకపోతే నలభై మంది జారుకుంటారు."

"అయితే బిల్లే వెనక్కి తీసుకుంటాను."

"అది నీది కాదిప్పుడు. సభ చేతిలో పడింది. ఇరవై మందికి పైగా తండ్రులున్నారు దానికి." మెర్ల్ ఆమె మోచేయి పట్టుకున్నాడు, నిజంగానే జాలిపడి. "నీ అయిదో లక్ష్యం అక్షరం పోకుండా ఉంది కదా. ఇంకేం కావాలి?"

"దాన్ని ఎక్కడ నేర్పిస్తారు?"

"చట్టంలో ఉంటుంది ఆర్డిస్. గదిలో ఉండాలని కూడా అంటే ఎలా?"

రెండూ అయిదుకు మెర్ల్ లేచి మళ్లీ ఓటు అడిగాడు. సభ ఒప్పుకుంది. కొత్త రూపం చదివినట్టు భావించారు. సభ్యురాలు మాట్లాడతారా అని స్పీకర్ అడిగాడు. ఆర్డిస్ లేచింది. చేతిలో పదమూడో పేజీ.

"ఈ బిల్లు నా పేరు మీద ఉంది," అంది. "దయచేసి దీన్ని ఓడించండి."

సభ నవ్వుతో పగిలిపోయింది. డ్వైట్ బల్ల మీద గుద్ది నవ్వాడు. పొద్దున తనను ఏడిపించినందుకు ముసలావిడ ఎలా తిప్పికొట్టిందో చూశారా అని వెనక వరసలు ఒకరినొకరు పొడుచుకున్నాయి.

"నేను తమాషాకి అనడం లేదు," అంది ఆర్డిస్. "పదమూడో పేజీ చూడండి. వర్క్‌షాపులు నిలబెట్టడానికి తెచ్చిన బిల్లు ఇది. వర్క్‌షాపులన్నీ మూయిస్తోంది."

ఆ గంభీరమైన ముఖం చూసి నవ్వు రెట్టింపైంది. మెర్ల్ ఓబర్గ్ కళ్లు తుడుచుకున్నాడు. తన విద్యలో తనను మించినవాళ్లను ఇరవై రెండేళ్లలో అతను చూడలేదు. లేచి చప్పట్లు కొట్టాడు. పార్టీలతో నిమిత్తం లేకుండా సభంతా లేచింది. పదమూడో పేజీ ఎవరూ తిప్పలేదు. లేచి నిలబడినవాళ్లు పేజీలు తిప్పలేరు.

ఓటింగు తెరిచారు. పచ్చ, పచ్చ, పచ్చ. అరవై తొమ్మిది పచ్చ దీపాలు. ఆర్డిస్ ఎర్ర మీట నొక్కింది. నొక్కిన వేలు దాని మీదే ఉంచింది.

స్పీకర్ వాల్‌నట్ సుత్తిని తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు, బిళ్లకు ఎక్కడా తగలకుండా.

"తొందరేం లేదు ఆర్డిస్," అన్నాడు చిరునవ్వుతో. "పొద్దున చేసిన తప్పు మళ్లీ చేయం. నువ్వు పచ్చకు మార్చేదాకా ఆగుతాం."

ఆగారు. నిమిషం గడిచింది. ఫిలిస్ టార్నో ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి తల ఎత్తి బోర్డు చూసింది. తరవాత ఆర్డిస్‌ను చూసింది. ఆ గదిలో ఒక్క ఫిలిస్ నవ్వడం లేదు. కానీ కార్యదర్శికి ఓటు లేదు.

నిమిషం నలభై సెకన్లకు స్పీకర్ చెయ్యి నొప్పెట్టింది. సుత్తి దిగింది. గుండు పేలినట్టు పలికింది. అనుకూలం అరవై తొమ్మిది, వ్యతిరేకం ఒకటి. ఆఖరిదాకా పట్టు వదలని హాస్యానికి సభ మరోసారి చప్పట్లు కొట్టింది.

మూడున్నరకు పై సభ నాలుగు నిమిషాల్లో ఒప్పుకుంది. సాయంత్రం వార్తల సైటు ఆర్డిస్ ఫోటో వేసి, ఈ ఏటి కొత్త సభ్యుల్లో హాస్యప్రియురాలు అని రాసింది.

బడి బస్సు దగ్గర ఎమెట్ పిల్లల్ని లెక్కపెడుతున్నాడు. ఆర్డిస్ వచ్చి పదమూడో పేజీ అతని చేతికిచ్చింది. అతను కళ్లజోడు పెట్టుకుని, ప్రతి మాట దగ్గరా ఆగుతూ, చెక్క కొలిచినట్టు చదివాడు.

"ఆ ఎర్ర దీపం నీదేనా?"

"నాదే."

"పొద్దునవాళ్లకంటే నయం. నువ్వు చదివి నొక్కావు." కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "చిల్లీ తిన్నావా?"

"లేదు."

"తినాల్సింది. బాగుంది. వంటావిడ చేత్తో చేసినట్టే ఉంది."

జూన్‌లో బడి బోర్డు మాట నిలబెట్టుకుంది. జనవరి ఉత్తరం వెనక్కి తీసుకుంది. ఎమెట్ ఉద్యోగం పోలేదు. మూడు లేత్‌లనూ, రంపపు బల్లనూ, చెక్క బిగించే బల్లలనూ ఒక లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. కడిగిన నేల మీద నూట పది కుర్చీలు వేశారు. ఆ కుర్చీలు ఎక్కడివో తెలియదు. బెల్‌నాప్‌లో చేసినవి మాత్రం కాదు. ఎమెట్ ఇప్పుడు అయిదో లక్ష్యం పరీక్షాధికారి. అక్టోబరులో మొదటి పరీక్ష పెట్టాడు. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదాని పక్కన గుండ్రంగా నింపాలి. చేతిపనిలో జోలీన్ క్రాట్జ్‌కు నూటికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. సుత్తిని ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నకు ఆమె ఏమీ నింపలేదు. అంచున రాసింది: 'దేన్ని కొట్టడానికో చెప్పలేదు.' అంచున రాసినందుకు రెండు మార్కులు తగ్గాయి.

స్పీకర్ హేవర్‌క్యాంప్ ఆ సుత్తిని మళ్లీ వాడలేదు. మరీ చురుకైనదని, టేపు చుట్టిన పాతదానికే వెళ్లిపోయాడు. పిల్లల కానుకను మాత్రం మరవలేదు. శాసనసభ రెండో అంతస్తులో దానికి ఒక అద్దాల పెట్టె చేయించాడు. లోపల దీపం పెట్టించాడు. కింద ఇత్తడి రేకు మీద రెండు వరసలు చెక్కించాడు.

'బెల్‌నాప్ విద్యార్థులు చేతులతో తయారు చేసినది. దయచేసి చేతులు పెట్టకండి.'